ఉచిత కరెంటు, ఖరీదైన డీజిల్: జనగామ జిల్లాలో నాలుగెకరాల యాసంగి వరి లెక్క

ఈ లెక్క జనగామ జిల్లాలోని ఒక చిన్న రైతుది. సొంతం రెండెకరాలు, కౌలుకు రెండెకరాలు. రెండు బోర్లున్నాయి, రెండింటికీ 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్లే. యాసంగిలో, అంటే రబీలో, నాలుగెకరాలూ వరి వేస్తారు. నేను వ్యవసాయ ఇంజినీర్‌ని. ఇక్కడి రైతు ఉత్పత్తిదారుల సంఘంలో సభ్యులతో సాగు ఖర్చులు రాయించడం, మోటార్లు, యంత్రాల విషయంలో సలహా ఇవ్వడం నా పని. ఆయన పేరు, ఊరి పేరు రాయడం లేదు. అంకెలన్నీ ఆయన నోటుబుక్కులోవి. అక్కడక్కడా రౌండ్ చేసి, ఆయన ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను.

2023 యాసంగి కోతలయ్యాక ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "వడ్ల రేటు పెరిగె. పంట ఎప్పటి లెక్కనే వస్తున్నది. మరి చేతిల పైసలు ఎందుకు మిగుల్తలేవు సార్?"

చాలామంది వెంటనే ఎరువులు, కూలీ అంటారు. అవీ ఉన్నాయి. కానీ నోటుబుక్కులో వరుసలు విడదీసి చూస్తే ఎక్కువ మింగుతున్నది యంత్రాల కిరాయి. దాని వెనక డీజిల్ ఉంది. మన దగ్గర వ్యవసాయానికి ఇంధనం అనగానే చర్చంతా కరెంటు చుట్టూనే తిరుగుతుంది. దానికి కారణముంది. కరెంటు చార్జీల పెంపు మీద జరిగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత కరెంటు మీదే పెట్టారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. ఆ పోరాటం వల్ల వచ్చిన మేలు చిన్నదేమీ కాదు, అది లేకపోతే ఈ రాతి నేలల్లో బోరు కింద వరి అనే మాటే ఉండేది కాదు. ఈ రైతు కరెంటుకు కట్టేది కనెక్షన్‌కు నెలకు 30 రూపాయల కస్టమర్ చార్జీ. అయితే అదే ఇరవై ఏళ్లలో ఎడ్లు పోయాయి, నాగలి పోయింది, కొడవలి పోయింది. వాటి స్థానంలో వచ్చినవన్నీ డీజిల్‌తో నడిచేవే. ఆ డీజిల్‌కు రైతు అని ప్రత్యేక ధర లేదు. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది. 2017 జూన్‌లో రేటు రోజూ మార్చే పద్ధతి వచ్చింది. పైన రాష్ట్ర వ్యాట్ 27 శాతం. పొలంలో దిగే ట్రాక్టరైనా, నగరంలో తిరిగే కారైనా బంకు దగ్గర ఒకటే రేటు.

2020 వేసవి లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 68 రూపాయల దగ్గర ఉండేది. 2021 అక్టోబరులో వంద దాటింది. ఎక్సైజ్ సుంకం తగ్గడంతో నవంబరులో కొంత దిగింది, మళ్లీ 2022 ఏప్రిల్‌లో 105 దాటింది. మేలో ఇంకోసారి సుంకం తగ్గించాక దాదాపు 98 దగ్గర ఆగి, 2024 మార్చి దాకా అక్కడే నిలబడింది.

ఇక నోటుబుక్కు. 2019-20 యాసంగిలో ఆ ఊళ్లో ట్రాక్టర్ కిరాయి గంటకు 700. 2022-23లో 1,100. చైన్ హార్వెస్టర్ (టైర్ల బదులు చైన్ల మీద నడిచే కోత యంత్రం) గంటకు 2,400 నుంచి 3,200 అయింది. పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి ట్రాలీ ఖర్చు ఎకరానికి 600 నుంచి 900 అయింది. ఎకరానికి ట్రాక్టర్ పని దున్నకం, కరిగెట (నీళ్లు పెట్టి బురద దున్నడం), చదును కలిపి నాలుగు గంటలు. కోత గంటంబావు. అంటే అప్పుడు ఎకరానికి 6,400 అయిన యంత్రాల ఖర్చు 9,300కు చేరింది. పెరిగింది 2,900.

అదే సమయంలో గ్రేడ్-ఏ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,835 నుంచి 2,060 అయింది, అంటే 225 పెరిగింది. ఆయనకు ఎకరానికి వచ్చేది 23 క్వింటాళ్లు. 23 క్వింటాళ్ల మీద 5,175 రూపాయలు ఎక్కువ వచ్చాయి. అందులో సగానికి పైగా యంత్రాల కిరాయికే పోయింది. మిగతా సగంలోంచి నాటు కూలి, ఎరువు, మందులు పెరిగిన మేర తీసేస్తే ఆయన ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

ఒక మాట చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో వడగండ్లు, అకాల వర్షాలు తెలంగాణలో వరిని బాగా దెబ్బతీశాయి. ఆయన పొలంలోనూ పంట పడిపోయి, ఆ కోతకు ఎకరానికి గంటంబావు కాదు, గంటన్నర దాకా పట్టింది. పోలిక సరిగ్గా ఉండాలని పై లెక్కలో రెండేళ్లకూ గంటంబావే వేశాను. అసలు ఖర్చు ఇంకాస్త ఎక్కువే.

ఇప్పుడు కీలకమైన విషయం. ట్రాక్టర్ రోటవేటర్ వేసి నడిస్తే గంటకు అయిదు, అయిదున్నర లీటర్లు తాగుతుంది. లీటరు మీద 30 రూపాయలు పెరిగితే గంటకు పెరగాల్సింది దాదాపు 160 రూపాయలు. కిరాయి పెరిగింది 400. హార్వెస్టర్‌కు గంటకు తొమ్మిది లీటర్లు అనుకుంటే 270 పెరగాలి. పెరిగింది 800. అంటే పెరుగుదలలో డీజిల్ వాటా మూడో వంతు పైచిలుకే. మిగతాది ఏమిటి?

ట్రాక్టర్ ఓనర్‌ని మోసగాడు అనుకోవడం తేలిక. నేను ఆయనతోనూ కూర్చున్నాను. ఆయనా అదే ఊరి రైతు, ఫైనాన్స్‌లో బండి తీసుకున్నారు. డ్రైవర్ జీతం, ఇంజిన్ ఆయిల్, టైర్లు, రోటవేటర్ బ్లేడ్లు అన్నీ పెరిగాయి. ఇవన్నీ ఒక ఎత్తు, ఉద్దెర ఇంకో ఎత్తు. డిసెంబరులో కరిగెట దున్నితే డబ్బులు వచ్చేది వడ్లు అమ్మి ఖాతాలో పడ్డాక, అంటే మే నెలలో. బంకు వాడు మాత్రం ఆ పూటే నగదు అడుగుతాడు. "నేను మిత్తికి తెచ్చి డీజిల్ పోస్తున్న సార్. ఆ మిత్తి ఎవలు కడుతరు?" అన్నారు. గంట కిరాయిలో ఆ వడ్డీ కూడా కలిసి ఉంది. ఊరంతా డీజిల్ పెరిగిందనే అనుకుంటోంది కానీ రైతు డీజిల్‌తో పాటు అప్పు కూడా కొంటున్నాడు. డీజిల్ ధర 105 నుంచి 98కి దిగినప్పుడు కిరాయి ఒక్క రూపాయి కూడా దిగకపోవడానికి ఇదొక కారణం.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. లీటరు రేటు రైతు చేతిలో లేదు. గంటల సంఖ్య, డబ్బు ఇచ్చే తీరు, ఈ రెండే ఆయన చేతిలో ఉన్నాయి. కాబట్టి ఆ రెండింటి మీదే పనిచేశాం.

గంటలు ఎక్కడ పోతున్నాయో తెలియాలంటే గట్టు మీద కూర్చొని చూడాలి. వానాకాలం వరి కోతల్లో ఒక ఎకరం కోత మొత్తం గడియారం పెట్టి రాసుకున్నాను. హార్వెస్టర్ పొలంలో దిగినప్పటి నుంచి బయటకు వచ్చేదాకా కిరాయి లెక్క నడుస్తూనే ఉంటుంది. ఆ గంటంబావులో నిజంగా కంకి కోసింది ముప్పావు గంట. ఎకరంలో ఏడు మడులు. ప్రతి మడిలో నాలుగు మూలలు, ప్రతి మూలలో వెనక్కి, ముందుకు. దానికే పావుగంట. ట్యాంకు నిండిన ప్రతిసారీ ట్రాలీ దగ్గరకు పోయి వడ్లు పోయాలి. నేల బురదగా ఉండటంతో ట్రాలీ దూరంగా డాంబర్ రోడ్డు మీదే ఆగింది, అందుకని ఇంకో పది నిమిషాలు. చివరి మడిలో ఒక చోట నీరు నిలిచి చైను కూరుకుపోయి అయిదు నిమిషాలు. కిరాయిలో దాదాపు నలభై శాతం కోతకు కాదు, తిరగడానికి, బురదకు కట్టాం.

బురద ఎందుకుందో వెతికితే దారి మోటారు దగ్గరకు తీసుకెళ్లింది. కరెంటు ఉచితం, కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ ఉంది, కాబట్టి కోతకు నాలుగైదు రోజుల ముందు దాకా నీళ్లు పారుతూనే ఉన్నాయి. నేల ఆరకపోతే టైర్ హార్వెస్టర్ దిగదు, చైన్ బండి పిలవాలి. చైన్ బండి గంటకు 800 రూపాయలు ఎక్కువ, పైగా సమయమూ ఎక్కువ. ఉచితమైన కరెంటు చివరికి డీజిల్ బిల్లుగా మారింది ఇక్కడే. ఈ లింకు చూపించాకే ఆయన నా మాట పట్టించుకున్నారు. అంతకుముందు నీళ్లు తగ్గించమంటే, "కరెంటుకు పైసలు లేకపాయె, నీళ్లెందుకు ఆపాలె సార్?" అనేవారు. ఆయన అడిగింది తప్పు కాదు. 5 హెచ్‌పీ మోటారు గంటకు నాలుగున్నర యూనిట్ల లెక్కన రోజుకు ఎనిమిది గంటలు, 110 రోజులు నడిస్తే దాదాపు 4,000 యూనిట్లు. అందులో వెయ్యి యూనిట్లు ఆదా చేసినా ఆయన జేబులోకి ఒక్క పైసా రాదు. కరెంటు ఆదా చేయమని రైతుకు చెప్పేవాళ్లు ఈ సంగతి ముందు గుర్తుపెట్టుకోవాలి.

మోటారు విషయంలో ఆయనకు నిజంగా ఖర్చయ్యేది కాలిపోయినప్పుడు. 2022-23 యాసంగిలో ఒక మోటారు రెండుసార్లు కాలింది. రీవైండింగ్ 6,000, బోరులోంచి పైపులు లేపి మళ్లీ దింపడానికి 2,500. రెండుసార్లకు 17,000. నాలుగెకరాల మీద వేస్తే ఎకరానికి 4,250. ఇది ఏ ఇంధన లెక్కలోనూ కనిపించదు, కానీ ఇంధన ఖర్చే. స్టార్టర్ డబ్బా తెరిచి చూస్తే కారణం ఎదురుగా ఉంది. ఉదయం ఆరింటికి వోల్టేజి 405, మోటారు తొమ్మిదిన్నర ఆంపియర్లు తీసుకుంటోంది. తొమ్మిదింటికి ఊళ్లో మోటార్లన్నీ ఆన్ అయ్యాక 345 వోల్టులు, పన్నెండు ఆంపియర్లు. ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని 15 ఆంపియర్లకు తిప్పి పెట్టారు. అంటే మోటారును కాపాడాల్సిన రిలే ఉండీ లేనట్టే. మోటారు లైను నుంచి లాగే ఆంపియర్లను తగ్గించే కెపాసిటర్ వైరు ఊడి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇలాంటి మోటార్లు నాలుగైదింటిని మోస్తుంది. దీని మీద ఎనిమిది ఉన్నాయి. అదనపు ట్రాన్స్‌ఫార్మర్‌కు రైతులంతా కలిసి అర్జీ పెట్టారు. అది వచ్చేలోపు చేయగలిగింది ఒకటే: వంతులు. 24 గంటలూ కరెంటు ఉన్నప్పుడు ఎనిమిది మోటార్లూ పొద్దున్నే నడవాల్సిన అవసరం లేదు. నలుగురు తెల్లవారు నుంచి పదకొండు దాకా, నలుగురు ఆ తర్వాత. ఆటో స్టార్టర్లు తీసేశారు. ఇద్దరు మొదట ఒప్పుకోలేదు. ఒకరి మోటారు జనవరిలో కాలాక ఆయనే వచ్చి కలిశారు. ప్రతి మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగించి, రిలే మళ్లీ పది ఆంపియర్ల దగ్గర పెట్టించాం. వోల్టేజి 380 కంటే కిందికి దిగడం లేదు. ఈ మొత్తం పనికి ఒక్కో రైతుకు అయిన ఖర్చు వెయ్యి రూపాయల లోపు. 2023-24 యాసంగిలో ఈయన మోటారు ఒక్కసారి కూడా పైకి తీయలేదు. నేను చూసిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చింది ఇంకొకటి లేదు. మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లున్నాయో ఈ వారమే లెక్కపెట్టుకోండని చదివే ప్రతి రైతునూ అడుగుతున్నాను.

నీళ్లకు తడి, ఆరుతడి పద్ధతి పెట్టాం. రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి మడిలో పాతి, లోపల నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇవ్వాలి. పొట్ట, పూత దశలో మాత్రం నీళ్లు నిలపాలి. కోతకు పన్నెండు రోజుల ముందు పూర్తిగా బంద్. రోజుకు ఎనిమిది గంటలు నడిచే మోటారు సగటున ఆరు గంటలకు వచ్చింది.

ఎరువుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అదీ ఇంధనమే. యూరియా సహజవాయువుతో తయారవుతుంది. మన రామగుండం ఫ్యాక్టరీ కూడా గ్యాస్ మీదే నడుస్తుంది. ప్రపంచంలో గ్యాస్ ధర ఎంత ఎగిరినా 45 కిలోల యూరియా బస్తా మనకు 266 రూపాయల 50 పైసలే, ఆ తేడా కేంద్రం సబ్సిడీగా భరిస్తోంది. డీఏపీ, పొటాష్‌లకు ఆ రక్షణ అంతగా లేదు. 2021లో డీఏపీ ధర ఎగిరితే సబ్సిడీ పెంచి బస్తా 1,200 దగ్గర ఆపారు, తర్వాత 1,350 అయింది. వెయ్యి అటూఇటూ ఉండే పొటాష్ 2022లో 1,700 అయింది. దాంతో ఈయనలాంటివాళ్లు పొటాష్ మానేశారు, చవకగా ఉన్న యూరియా ఇంకో బస్తా చల్లారు. ఎకరానికి నాలుగు బస్తాలు యూరియా, ఒక బస్తా డీఏపీ. రెండూ కలిపితే 90 కిలోల పైన నత్రజని. ముదురు పచ్చగా, ఏపుగా పెరిగిన ఆ వరి గాలికి నిలబడదు. పడిపోయిన వరిని హార్వెస్టర్ ఒకే వైపు నుంచి, మెల్లగా కోయాలి. దోమపోటు మందుల ఖర్చు అదనం. చవకైన యూరియా బస్తా కోత రోజున డీజిల్ గంటగా తిరిగొస్తుంది. మూడు బస్తాలకు తగ్గించి, అర బస్తా పొటాష్ వేయించాం. 2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ అంతటా రైతులు క్యూల్లో చెప్పులు పెట్టి ఎదురుచూసినప్పుడు ఈయనకు టెన్షన్ కాస్త తక్కువగా ఉండటానికి ఆ అలవాటు ఉపయోగపడింది.

డబ్బు విషయంలో, సంఘం పొదుపులోంచి ఎకరానికి 5,000 చొప్పున యంత్రాల అడ్వాన్సు ఇప్పించాం, వడ్ల డబ్బులు పడ్డాక తిరిగి కట్టేలా. దాంతో ట్రాక్టర్ ఓనర్‌కు పని అయిన రోజే డబ్బు. ఊరి ఉద్దెర రేటు ఆ ఏడాది 1,150 ఉంటే మాకు 1,000కి ఒప్పుకున్నారు. టైర్ హార్వెస్టర్ 2,500కు బదులు 2,300. హార్వెస్టర్ ఓనర్‌ని ఇంకా దించాలని పదిమంది రైతులం కలిసి మాట్లాడాం, కుదరలేదు. కోతల సీజన్‌లో బండి కోసం ఊళ్లే పోటీ పడుతుంటాయి, అక్కడ బేరం చేసే బలం రైతుకు లేదు.

2023-24 యాసంగి ఫలితం. పాత పద్ధతిలోనే, ఉద్దెర మీద, చైన్ బండితో చేసి ఉంటే ఎకరానికి యంత్రాల ఖర్చు 9,625 అయ్యేది. సొంత రెండెకరాల్లో అయింది 6,200. కరిగెటలో ఒక సాలు తగ్గించి ట్రాక్టర్ పని మూడు గంటలకు తెచ్చాం, మడులు కలిపి ఏడు నుంచి నాలుగు చేశాం, నేల ఆరి ఉండటంతో టైర్ బండి గంటలో ముగించింది. వడ్లలో తేమ కూడా తక్కువగా ఉంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం లోపు రావాలి కాబట్టి ఆరబెట్టే పని రెండు రోజులు తగ్గింది. దిగుబడి తగ్గలేదు.

కౌలు ఎకరాల్లో కథ వేరు. పై ఎకరంలో మొలక కట్టిన విత్తనం వెదజల్లాం. నాటు కూలి మిగిలింది, కానీ కరిగెట ఎలాగూ తప్పలేదు కాబట్టి డీజిల్ పెద్దగా తగ్గలేదు. కలుపు విరుచుకుపడి మందుకు, కూలీకి 2,400 అదనంగా అయింది, ఎకరానికి క్వింటాలున్నర తక్కువ వచ్చింది. మొత్తం మీద లాభమే, అయితే డీజిల్ తగ్గించే మార్గంగా దీన్ని నేను చెప్పను. చెరువు కట్ట కింద ఉన్న ఎకరంలో ఊట నీరు ఏడాది పొడవునా ఉంటుంది. నీళ్లు ఆపినా ఆరలేదు. చైన్ బండే దిగింది, గంటన్నర పట్టింది, పని అయిన రోజే డబ్బిచ్చి 3,100 చొప్పున 4,650 కట్టాం.

ఆ రెండెకరాల్లో గట్లు తీసి మడులు కలుపుదామంటే భూమి యజమాని ఒప్పుకోలేదు. ఏడాది ఏడాదికి మారే కౌలు కాబట్టి గట్టు తీస్తే హద్దు తెలియదని ఆయన భయం. పెట్టుబడి సాయం, ఒకప్పుడు రైతుబంధు, ఇప్పుడు ఎకరానికి సీజన్‌కు 6,000 చొప్పున రైతు భరోసా, పట్టా ఉన్న ఆయన ఖాతాలోనే పడుతుంది. డీజిల్ పెరిగిన భారం మాత్రం దున్నేవాడిదే. కిరాయి తగ్గించే ఏ మార్పు చేయాలన్నా నేల మీద హక్కు కావాలి, కౌలు రైతుకు లేనిదే అది. ఇంధన ధరల దెబ్బ అందరికంటే గట్టిగా తగిలేది వీళ్లకే. నాకు ఈ మొత్తం లెక్కలో మనసుకు కష్టం కలిగించిన భాగం కూడా ఇదే.

చుట్టుపక్కల రైతులు సోలార్ పంపు గురించి అడుగుతున్నారు. సోలార్ పంపులకు కేంద్రం తెచ్చిన పీఎం-కుసుమ్ పథకం సబ్సిడీ దొరికినా, ఉచిత గ్రిడ్ కరెంటు ఉన్న బోరుకు సోలార్ పెడితే రైతు చేతికి కొత్తగా మిగిలేది ఏమీ లేదు. లైను అందని చోట, ఆయిల్ ఇంజిన్‌తో వాగు నీళ్లు తోడుకునే చోట మాత్రం తప్పకుండా ఆలోచించాలి.

ఈ యాసంగికి చెరువు కింద ఎకరంలో ఊట నీరు బయటకు పోయేలా పొలం పక్కన కందకం తీయాలని నేను కొలతలు వేసి ఇచ్చాను. జేసీబీకి నాలుగైదు గంటల పని. మూడేళ్ల కౌలు రాసిస్తే ఖర్చు తానే పెట్టుకుంటానని రైతు అంటున్నారు. రెండేళ్లకైతే సరేనని యజమాని అంటున్నారు. రెండేళ్లయితే ఖర్చు చెరి సగం పెట్టుకోవాలని నేను ఇద్దరికీ చెప్పాను. నారు పోసేలోపు తేలాలి.